మూడు గిన్నెల పుట్టకొక్కులు

రాత్రి ఉరుములు ఉరిమాయి కాబట్టి అచ్చియ్యమ్మ తెల్లవారుతూనే పొలానికి వెళ్ళింది. ఉరిమిన మర్నాడు పుట్టల మీద పుట్టకొక్కులు లేస్తాయని చోడవరంలో ఆ వీధివాళ్ళందరికీ తెలుసు. ఎవరి పుట్ట ఎక్కడుందో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎండ ఎక్కకముందే ఆమె తట్టెడు పుట్టగొడుగులు తెచ్చి అరుగు మీద దించి, కుచ్చిళ్ళకు అంటిన బురద దులుపుకుంది.

కోడలు సత్యశ్రీ తట్టలోకి తొంగిచూసింది. ఆమె పుట్టి పెరిగింది గాజువాకలో. పెళ్ళై ఇక్కడికి వచ్చి మూడు నెలలే అయింది. అంతవరకు పుట్టగొడుగులంటే ఆమెకు ప్లాస్టిక్ డబ్బాలో, పల్చటి కవరు కింద, అన్నీ ఒకే ఎత్తులో తెల్లగా కూర్చుని ఉండేవే. ఇవి అలా లేవు. కొన్ని నడినెత్తిన మొన తేలి విప్పిన గొడుగుల్లా ఉన్నాయి. వాటి కాడల కింద వేళ్ళలాంటి పొడవాటి తోకలు వేలాడుతున్నాయి. కొన్ని బూడిదరంగులో, ఇంకా విచ్చుకోని గుడ్లలా ఉన్నాయి. ఒకదాని మీద చీమ ఒకటి దారి తప్పి అంచు వెంబడి గుండ్రంగా తిరుగుతోంది.

"వండ్డం తెలుసేటి నీకు?" అంది అచ్చియ్యమ్మ.

"తెలుసత్తా."

మూడు నెలలుగా సత్యశ్రీ అన్నిటికీ అదే మాట చెబుతోంది. తెలీదంటే 'గాజువాక గుంటకి ఏటీ తెలీదు' అంటారని భయం. నిజంగా తెలియని పనులు ఆమె అత్త లేనప్పుడు ఫోన్‌లో చూసి నేర్చుకునేది.

"అయితే నాను వడ్డాది సంతకెళ్ళొస్తాను. ముందు మూడిళ్ళకీ మూడు గిన్నెలు పంపించు. పంచకుండా మనం తినకూడదు. తింటే మళ్ళీ ఏడు పుట్ట మీద ఒక్కటి లెగదు," అని అచ్చియ్యమ్మ సంచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె ఫోను ఎప్పటిలాగే దేవుడి గూట్లో ఉండిపోయింది.

సత్యశ్రీ కాడల అడుగు భాగాలు కోసి మూలకు పారేసింది. మిగిలినవి పసుపునీళ్ళలో కడిగి, ఉల్లిపాయలు వేయించి మూకుట్లో వేసింది. ఉప్పు డబ్బా మూత తీసేసరికి ఫోన్ మోగింది. అనకాపల్లిలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే ఆమె భర్త సాయికిరణ్.

"నా నీలం సొక్కాకి గుండీ కుట్టేవా?"

"పొద్దున్న అదే తొడుక్కుని వెళ్ళేరు కదండీ."

"అందుకే అడుగుతన్నాను. గుండీ లేదు."

ఆ గుండీ సంగతి తేలేసరికి మూకుట్లో కూర దగ్గరపడింది. సత్యశ్రీ గబగబా ధనియాల పొడి చల్లి, తెరిచి ఉన్న ఉప్పు డబ్బాకు మూతపెట్టి, పొయ్యి కట్టేసింది. పంచకుండా నోట్లో వేసుకోకూడదు కనుక రుచి చూడలేదు. మూడు స్టీలు గిన్నెల్లో సర్ది మూడిళ్ళకూ ఇచ్చి వచ్చింది. పక్కింటి ఎర్రమ్మ, పురిటికి వచ్చిన కూతురు హేమశ్రీ గుమ్మంలోనే గిన్నె అందుకున్నారు. ఎదురింట్లో కృష్ణంరాజు ఉంటాడు. చెరుకు కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, ఒక్కడే వండుకుంటాడు. ఆయన గిన్నెను చేత్తో తూచినట్టు ఎత్తిచూసి లోపల పెట్టాడు. మూలింట్లో అంగన్‌వాడీ టీచరు సంధ్యారాణి, "అయ్యో, మాకెందుకమ్మా ఇంత!" అంటూనే తీసుకుంది.

ఇంటికి వచ్చి, అత్త సాయంత్రం ఏమైనా అడిగితే చెప్పడానికి ఉంటుందని సత్యశ్రీ ఫోన్‌లో అడవి పుట్టగొడుగుల వీడియో పెట్టుకుంది. మొదట ఆమెకు ముచ్చటేసింది. పగడపు కొమ్మల్లాంటివి ఉన్నాయి. పిట్టగూడులో గుడ్లు పెట్టినట్టున్నవి ఉన్నాయి. కోస్తే నీలంగా మారేవి, తాకితే పొగలాంటి పొడి చిమ్మేవి, మానుకు చెవుల్లా అతుక్కున్నవి ఉన్నాయి. అంతలో వీడియోలోని కళ్ళజోడు మనిషి గొంతు తగ్గించాడు.

"కాడ అడుగున చినిగిన సంచి లాంటిది కనిపిస్తే ముట్టుకోకండి. ప్రాణం తీసేవాటికి అలాంటి సంచి ఉంటుంది. తిన్నవాళ్ళకు వెంటనే ఏమీ తెలియదు. పైగా రుచి చాలా బాగుంటుంది అంటారు."

సత్యశ్రీ మెల్లగా తల తిప్పి మూలకు చూసింది. తను కోసి పారేసిన అడుగు ముక్కలు అక్కడే ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి పుల్లతో కదిపింది. తోకలున్నవి కొన్ని. మిగిలిన వాటికి, బూడిదరంగు గుడ్లలాంటి వాటికి, అడుగున చినిగిన సంచులు. ఒక్కటి కాదు, గుప్పెడు.

అత్తకు ఫోన్ చేసింది. దేవుడి గూట్లో మోగింది. భర్తకు చేసింది.

"ఎవరికీ సెప్పకు," అన్నాడు సాయికిరణ్, అంతా విని. "విషం అన్నావంటే ఆ హేమశ్రీకి అక్కడే నొప్పులొచ్చేస్తాయి. ఉప్పెక్కువైపోయిందని సెప్పి గిన్నెలు తెచ్చీ."

"తినేసుంటేనో?"

"ముందెళ్ళు," అన్నాడు. "నేనూ బయల్దేరతన్నాను. గుండీ సంగతి తర్వాత సూద్దాం."

ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు వలుస్తోంది. సత్యశ్రీ నవ్వు తెచ్చిపెట్టుకుంది. "ఎర్రమ్మత్తా, కూరలో ఉప్పెక్కువైపోయింది. ఇచ్చేయండి, మళ్ళీ వండి తెస్తాను."

"ఎక్కువేటమ్మా!" ఎర్రమ్మ లేచి, తోమిన గిన్నెలో నాలుగు అరటిపళ్ళు పెట్టి ఇచ్చింది. ఆ వీధిలో గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. "ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఏం రుచి, ఏం రుచి! మా హేమశ్రీ రెండుసార్లు వేయించుకుంది."

రుచి చాలా బాగుంటుంది అంటారు. సత్యశ్రీకి కళ్ళజోడు మనిషి గొంతు చెవిలోనే వినిపించింది. అరటిపళ్ళు పట్టుకుని ఎదురింటికి నడిచింది.

"ఉప్పా?" అన్నాడు కృష్ణంరాజు. "కాటా వేసినట్టు ఉందమ్మాయ్! ముప్పయ్యేళ్ళు తూకం సూసిన మనిషిని, నాకు తెలీదేటి? గిన్నె నాకడం ఒక్కటే తక్కువ." ఆయన ఇచ్చిన గిన్నెలో మాడుగుల హల్వా ముక్క ఉంది.

సంధ్యారాణి గిన్నెలో జామకాయలు పెట్టి ఇచ్చింది. "మా ఆయన అన్నం మొత్తం ఆ కూరతోనే తిన్నాడు. నాకు మిగల్చలేదంటే నమ్ము! ఇలాటి రుచి ఎప్పుడూ సూళ్ళేదు. ఏటమ్మా, మొహం కొంచెం వాడిపోయినట్టుంది? ఏదైనా విశేషమా?"

"లేదొదినా."

"సెప్పకపోతే మానెయ్యి," అని సంధ్యారాణి అర్థమైనట్టు నవ్వింది.

సత్యశ్రీ పళ్ళూ, కాయలూ, హల్వా వంటింట్లో దించి, అరుగు మీదకు వచ్చి కూర్చుంది. ఇక్కడి నుంచి మూడు గుమ్మాలూ కనిపిస్తాయి. కృష్ణంరాజు పడక్కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. అది నిద్రో, మరొకటో తెలియలేదు. చాలాసేపు చూసింది. ఈగ ఒకటి ఆయన గడ్డం మీద వాలింది. కదల్లేదు. ఆమె అరుగు దిగింది. అప్పుడు ఆయన ఈగను తోలి మళ్ళీ పడుకున్నాడు. ఆమె మళ్ళీ అరుగెక్కింది. సంధ్యారాణి ఇంట్లో ఎవరో దగ్గారు. ఆమె మళ్ళీ దిగింది.

అంతలో పక్కింటి గుమ్మంలోకి హేమశ్రీ వచ్చింది. నిండు కడుపు మీద చెయ్యి వేసుకుని, మొహం ముడుచుకుని, లోపలికి చూస్తూ అంది. "అమ్మా, కడుపులో మండిపోతంది."

ఇక సత్యశ్రీ ఆగలేకపోయింది. మూలనున్న అడుగు ముక్కలు గుప్పెట్లోకి తీసుకుని వీధి మధ్యకు పరిగెత్తి, అందరినీ పేరుపేరునా పిలిచి, ఏడుస్తూ చెప్పేసింది. తెలుసని అబద్ధం చెప్పాననీ, సంచులున్నవి కూడా వండేశాననీ, ఉప్పు సంగతి వట్టిదనీ, అవి విషమనీ. చేతిలో ఆ అడుగు ముక్కలు చూపించింది.

అందరి మొహాలూ పాలిపోయాయి. అయితే విచిత్రంగా ఒక్కరూ తమ పొట్ట పట్టుకోలేదు. ఎర్రమ్మ సంధ్యారాణి వైపు చూసింది. సంధ్యారాణి కృష్ణంరాజు వైపు చూసింది. కృష్ణంరాజు హేమశ్రీ వైపు చూసి గోడ పట్టుకున్నాడు.

"ఓలమ్మో! ముందు సంధ్యారాణిని ఆస్పత్రికి తీసుకెళ్ళండి," అని ఎర్రమ్మ గుండె బాదుకుంది.

"నాకేటీ లేదు పిన్నీ! రాజుగారు పెద్దోరు, తట్టుకోలేరు. ఆయన్నెక్కించండి!"

"నన్నొగ్గేయండమ్మా! ఆ కడుపుతో ఉన్న గుంటని ఎక్కించండి ముందు!" అన్నాడు కృష్ణంరాజు.

చావు ముంగిట్లో కూడా తమ గురించి కాక పక్కవాళ్ళ గురించి ఆలోచిస్తున్న ఆ మనుషులను చూసి సత్యశ్రీకి ఏడుపు రెట్టింపైంది. ఇలాంటివాళ్ళకా తను విషం పెట్టింది! వీధి చివర ఆటో తుడుచుకుంటున్న ప్రేమ్‌కుమార్‌ను కేకేసి, ఒకరినొకరు తోసుకుంటూ అందరినీ ఎక్కించారు. హేమశ్రీ మాత్రం, "నాకేటయిందో ఎవరైనా సెప్పండి," అంటూనే ఉంది.

ఆటో కదలబోతుండగా వడ్డాది వైపు నుంచి వచ్చిన మరో ఆటో ఎదురుగా ఆగింది. అచ్చియ్యమ్మ దిగింది, సంచిలో వంకాయలతో.

"ఏటిది? ఎవరింట్లో పెళ్ళి?"

సత్యశ్రీ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి అంతా మళ్ళీ చెప్పింది. అచ్చియ్యమ్మ కోడలి చేతిలోని ముక్కల్ని తీసుకుని, తిప్పి చూసి, వాసన చూసి, ఊపిరి వదిలింది.

"ఇవి మన దొడ్డి గడ్డివాములోవే. గడ్డి కొక్కులు. నా సేత్తో ఏరేను, ఏటేటా తింటన్నాం. వీటికీ సంచుంటాది. ఆ చెడ్డవాటికీ ఉంటాది. అందుకే తెలీని సోట ఏరకూడదు. రెండు రకాలూ కలిపేసి సెప్పకుండా పోయేను, తప్పు నాదే. భయపడ్డావు, మంచిదే. ఏడవకు."

ఆటోలో పెద్దవాళ్ళు ముగ్గురూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. కృష్ణంరాజు ముందుగా దిగి, "అదే నేనూ అనుకున్నాను. అంత రుచిగా ఉన్నది విషమేటి!" అన్నాడు.

"ఆకలేస్తంది. ఏదీ, ఆ కూర పట్రా," అంది అచ్చియ్యమ్మ.

సత్యశ్రీ మూకుడే తెచ్చింది. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది. మరో ముక్క వేసుకుంది.

"ఒసే, ఉప్పెయ్యలేదేటి నువ్వు?"

సత్యశ్రీకి నీలం చొక్కా గుండీ గుర్తొచ్చింది. "లేదత్తా," అంది చిన్నగా.

"ఒక్క ఉప్పుగల్లు కూడా లేదు. వట్టి గడ్డిలా ఉంది." అచ్చియ్యమ్మ తలెత్తి ఆటో చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. "మరి మీరందరూ బాగుందన్నారట?"

ఎర్రమ్మ చింతపండు అంటిన వేళ్ళు చెంగుకు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"నాకు బీపీ కదా," అన్నాడు కృష్ణంరాజు. "ఉప్పు లేకపోతేనే నాకు సరిపోతాది."

"కాటా వేసినట్టుందన్నారు రాజుగారూ," అంది సత్యశ్రీ. అంత గట్టిగా మాట్లాడటం ఆ వీధిలో ఆమెకు అదే మొదటిసారి.

హేమశ్రీ ఇక ఓపలేకపోయింది. "నేను రెండుసార్లు తినడమేటి, ఒక్కసారి కూడా నోట్లో పెట్టలేదు! పట్నం గుంట కడిగిందో లేదో, కడుపుతో ఉన్నదానివి నీకొద్దని మాయమ్మ కూర తీసుకెళ్ళి సంధ్యక్కకి ఇచ్చేసింది. వాసన సూసి పొద్దున్నుంచీ ఆకలికి కడుపు మండిపోతంది!"

"అంటే నీ కూతురికి పనికిరానిది నాకు పెట్టేవా పిన్నీ?" సంధ్యారాణి నడుం మీద చేతులు వేసుకుంది.

"తిన్నావేటి నువ్వు? మీ ఆయన మొత్తం తినేశాడన్నావట!"

సంధ్యారాణి ఇంట్లోంచి అన్నం తింటూనే ఆమె భర్త గుమ్మంలోకి వచ్చి, "ఏం కూర?" అని అడిగాడు. ఆయన కంచంలో పప్పు ఉంది. ఆ తర్వాత నిజాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. సంధ్యారాణి తన గిన్నెలోది ఒక డబ్బాలో పోసి, పాపం ఒంటరి మనిషి అని కృష్ణంరాజుకు పంపింది. ఎర్రమ్మ ఇచ్చిన డబ్బాను తెరవకుండా అటక మీద పెట్టింది. కృష్ణంరాజుకు చిన్నప్పటి నుంచీ పుట్టగొడుగంటే భయం. ఆయన తనకు వచ్చింది హేమశ్రీకి పంపాడు. ఎర్రమ్మ దాన్ని పెరట్లో బోర్లించిన గంప కింద దాచింది. సంధ్యారాణి పంపినది ఆయన కుర్చీ కిందే ఉంది.

మూడు డబ్బాలూ వచ్చి అరుగు మీద వరుసగా కూర్చున్నాయి. పొద్దున్న సత్యశ్రీ పంపిన కూర ముక్క తగ్గకుండా ఉంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

అచ్చియ్యమ్మ డబ్బాలన్నీ మూకుట్లో బోర్లించి పొయ్యి మీద పెట్టించింది. ఈసారి అందరి ఎదుటా సత్యశ్రీ ఉప్పు వేసింది. మొదటి ముద్ద అచ్చియ్యమ్మ తిన్నది. రెండోది సత్యశ్రీ తిన్నది. ఆ తర్వాత కాసేపు ఆగి, ఇద్దరూ బాగానే కూర్చున్నారని చూసుకుని, హేమశ్రీ కంచం చాపింది. నిజంగానే రెండుసార్లు వేయించుకుంది. అనకాపల్లి నుంచి ఆయాసపడుతూ దిగిన సాయికిరణ్‌కు మూకుడు గీకిన మసాలా మిగిలింది. గుండీ లేని చొక్కాతో గుమ్మంలో నిలబడి, "ఎవరూ పోలేదు కదా?" అని అడిగాడు.

ఆనాటి నుంచి సత్యశ్రీ ఇరుగుపొరుగుకు పంపే మొదటి గిన్నెలో ఉప్పు వేయదు. ఎవరు తిన్నారో గిన్నె తిరిగొచ్చేసరికి తెలిసిపోతుంది.