ఈల వేసేదాకా

సైన్సు మాస్టారు ఆ పొద్దున బస్సెక్కేటప్పుడు హెడ్మిస్ట్రెస్ గారిని మనసులోనే పదిసార్లు తలుచుకున్నారు. ఎన్నాళ్ళో కాళ్ళావేళ్ళా పడితే, ఊరవతల చిత్తడి నేలలో పక్షులను చూపించడానికి తొమ్మిదో తరగతిని ఆవిడ పంపుతున్నారు మరి. షరతు కూడా పెట్టారు. "ఏ చిన్న గొడవ జరిగినా ఇదే ఆఖరు. మళ్ళీ విహారయాత్ర ఊసెత్తితే ఊరుకోను!" కొంగను బొమ్మల్లో తప్ప చూడని పిల్లలు వాళ్ళు. ఈ దారి మూసుకుపోతే వాళ్ళకి మళ్ళీ గోడమీది పటమే గతి అని మాస్టారి బెంగ.

అందుకే బస్సు దిగగానే కట్టడి చేశారు. "కూర్చోబెట్టిన చోటునుంచి కదలకూడదు, నోరు విప్పకూడదు. ఈల వినబడ్డాకే మాటైనా, అడుగైనా. మధ్యలో నేనే పిలుస్తాను, బతిమాలతాను. అదంతా పరీక్ష. పలికారో, మార్కులు గోవిందా!"

ఆ తరగతి అల్లరికి పక్క తరగతులవాళ్ళు కిటికీలు మూసుకుని పాఠాలు చెప్పుకునేవారు. 'లౌడ్‌స్పీకర్' అని పేరుపడ్డ అమ్మాయి ఒక్కతే చాలు, బడి ఎగిరిపోవడానికి. అలాంటిది, ఆ రోజు ఏ దేవుడు కరుణించాడో, అందరూ నోటికి తాళం వేసుకున్నారు.

మాస్టారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆ ఊపులో కొంగను దగ్గరనుంచి చూద్దామని ఒక్కరే రెల్లు పొదల వెనక్కి వెళ్ళి, నడుందాకా బురదలో దిగబడ్డారు. కొంగ ఎగిరిపోయింది. ఈల ఊదబోతే దాన్నిండా బురదే. తుస్సుమంది.

"ఒరేయ్, రండర్రా!" అని అరిచారు.

పిల్లలు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. పరీక్ష మొదలైందన్నమాట.

"నిజంగానే దిగబడ్డానర్రా! మీకు పుణ్యముంటుంది!"

లౌడ్‌స్పీకర్ ఆ నటనకి మురిసిపోయి, చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టింది. అరిచి అరిచి మాస్టారి గొంతు పోయింది.

కాసేపటికి బస్సు డ్రైవరు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాడు. "మాస్టారేరి?" అన్నాడు. "ఏమైందమ్మా, పలకవేం?" అని లౌడ్‌స్పీకర్‌ని కుదిపాడు. ఆ పిల్ల పెదవులు బిగబట్టుకుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా సరే. డ్రైవరు వెంటనే హెడ్మిస్ట్రెస్ గారికి ఫోన్ చేశాడు.

"మేడమ్, మాస్టారు కనబడట్లేదు. పిల్లలకేమో మాట పడిపోయింది. ఆ లౌడ్‌స్పీకర్ పాపకి కూడా!"

ఆ చివరి మాటకే హెడ్మిస్ట్రెస్ గారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కారెక్కారు. వచ్చి ఒక్కొక్కరినీ పట్టుకుని బతిమాలారు. "నేనమ్మా, మీ మేడమ్‌ని! ఒక్క మాట మాట్లాడండి!" మాస్టారు పరీక్షకి ఈవిడను కూడా పిలిపించారు కాబోలు అనుకుని పిల్లలు ఇంకా బిగుసుకున్నారు.

"అయ్యో, అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్దాం! బస్సు వెనక్కి తిప్పు!" అన్నారావిడ.

డ్రైవరు బస్సెక్కాడు. అప్పటిదాకా వెనక సీట్లో కునుకు తీస్తున్న ఆయమ్మ దిగింది. బస్సు వెనక్కి వస్తుంటే రోజూ చేసేట్టే, దాని వెనక నిలబడి ఈల వేసింది.

అంతే, కట్ట తెగింది. "మేడమ్, మేం గెలిచాం!" "మాస్టారూ, ఎన్ని మార్కులు?" అని ఒకటే గోల. గోల కాస్త తగ్గేసరికి రెల్లు వెనకనుంచి చిన్న మూలుగు వినబడింది. అందరూ అటు పరుగెత్తారు. చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టి లాగారు. ఆ గొలుసు చివర హెడ్మిస్ట్రెస్ గారు కూడా ఉన్నారు.

తలనిండా బురదతో మాస్టారు ఒడ్డున పడ్డారు. "మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనర్రా," అని ఉన్న కాస్త గొంతుతో అన్నారు. ఆయమ్మకైతే రెండుసార్లు దండం పెట్టారు. తర్వాత తల దించుకుని, "ఇదే ఆఖరు కదండీ, మేడమ్," అన్నారు.

"ఆఖరేమిటి మాస్టారూ!" ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "వీళ్ళు ఒక్క పూట నోరు మూసుకుంటే చాలని నేను మొక్కని దేవుడు లేడు. మీరు బతికించారు. నెలనెలా తీసుకెళ్ళండి!"

మరుసటి నెల ఆవిడ ముందుగా బస్సెక్కించింది, పిల్లలకన్నా ఎక్కువ గోల చేసే స్టాఫ్‌రూమునే.