కంప్యూటరు మేడెక్కిన పర్వము

ఓ జనులారా, చేతిలోని పనులు కాస్త పక్కన పెట్టి వినుడు! భానుబింబము మేడల భుజములపైకి ప్రాకి, పాలప్యాకెట్లు గుమ్మములు చేరి, చీపుళ్ళు మూలల కొదిగిన ప్రాతఃకాలమున, మూడంతస్తుల భవనరాజము యొక్క పాతాళగర్భమున, అనగా సెల్లారులో, రంగువాసనల నడుమ వెలసిన బోర్డుల దుకాణమునందు, మౌసాయుధధారిణియు, కీబోర్డుమర్దినియు, ఇచ్చిన మాట తప్పి యెరుగని దీక్షాపరురాలునగు ఒక యిల్లాలు తన కంప్యూటరు ముందు ఆసీనురాలయ్యెను. ఆమె వెనుక చేతులు కట్టుకొని నిలచినవాడు ఆ వీధి క్షురకవరేణ్యుడు. జీవితమంతయు పరుల దుకాణములలో కత్తెర ఝళిపించిన ఆ వృద్ధవీరుడు నేడు, మరికొంతసేపటిలో, తన సొంత దుకాణము తెరువబోవుచున్నాడు. బోర్డు దాదాపు సిద్ధము. ఒక్క లోపము మిగిలినది.

“బొమ్మలో కత్తెర మూసుకుని ఉంది తల్లీ,” అని ఆయన నసిగెను. “మూసుకున్న కత్తెర పెట్టుకుని షాపెలా తెరుస్తాం చెప్పు? కొంచెం నోరు తెరిపించు, చాలు.”

“అదెంతసేపు బాబాయ్! నువ్వు టీ తాగేలోపు అయిపోతుంది,” అని ఆ ధీరవనిత బొమ్మలు గీయు ప్రోగ్రాముపై డబుల్ క్లిక్కను శరద్వయమును సంధించెను.

హా, ఏమని చెప్పుదును! తెరపై చక్రమొకటి పుట్టి, తిరిగి, తిరిగి, తిరుగుటయే తన జన్మకు పరమార్థమన్నట్లు ఇంకను తిరిగి, తుదకాగి, ఇట్లు గర్జించెను: “ఓ మానవకాంతా! నీవెవ్వతెవో నేనెరుగను. ఇంటర్నెట్టను ఆకాశమార్గమున నా ప్రభువుల సన్నిధికేగి, నీవు నీవేయని సాక్ష్యము తెచ్చునంతవరకు నా ద్వారములు తెరువబడవు!” తెరమీద కనబడినది ‘కనెక్షన్ లేదు’ అను ముక్క మాత్రమే. కాని ఆ ముక్క వెనుకనున్న పొగరంతయు ఆ గర్జనయే. ఆ ప్రోగ్రాము ఉన్నది ఆమె కంప్యూటరులో, ఆ బొమ్మ గీసినవి ఆమె చేతులు, అయినను గుమ్మములో అడ్డముగా నిలిచి నీవెవరని అడుగుచున్నది. ఒళ్ళు మండదా మరి?

ఇంటర్నెట్టో, అది యెక్కడిది? వీధిలో నీటిగొట్టము కొరకు గొయ్యి త్రవ్విన యంత్రరాక్షసము పొద్దుటనే కేబులును కొరికి పారవేసినది.

“ఇదివరకు నెట్ పోయినా తెరుచుకునేది కదండీ! ఇవాళేం రోగం వచ్చింది దీనికి?” అని ఆమె మూలన రంగుడబ్బాలు సర్దుచున్న భర్తవైపు తిరిగెను. భర్త యనగా సామాన్యుడు కాడు. పూర్వము గోదాముకు కాపలా కాసి, తాళమును పదేపదే లాగి చూడనిదే అన్నము సహించని జాగ్రత్తశిఖామణి.

“నిన్న షాపు మూసేటప్పుడు లాగౌట్ చేశాను,” అని ఆయన మెల్లగా వాక్రుచ్చెను. “అన్నీ తెరిచి పెట్టి వెళ్తే బాగుండదని...”

“కొంప ముంచారు! మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే నెట్ కావాలండీ!”

“తాళం వెయ్యకుండా ఎలా వెళ్తామే?”

“తాళం వేసి, తాళంచెవి ఊరవతల పెట్టొచ్చారు మీరు!”

క్షురకవరేణ్యుని ముఖము చిన్నబోయెను. “పోన్లే తల్లీ, మూసుకున్నదే పెట్టేద్దాం. ఏమవుతుంది,” అనెను. తిట్టినను ఆమె తట్టుకొనెడిది. ఆ సర్దుకుపోవుట ఆమెకు కళ్ళనీళ్ళు తెప్పించెను. జీవితమంతా సర్దుకున్న మనిషి, సొంత బోర్డు దగ్గరకూడనా!

“కుదరదు బాబాయ్!” అని ఆమె కుర్చీ వెనుకకు తన్ని లేచెను. “ఏవండీ, వైర్లు పీకండి. ఇక్కడ ఫోన్‌కి సిగ్నల్ రాదు, మేడ మీద వస్తుంది. ఫోన్ నెట్ చాలు దీనికి. మొత్తం పైకి మోద్దాం.”

“కరెంటో?”

“యూపీఎస్ ఉందిగా!”

అంతట బయలుదేరెను ఆ మహాసేన! ముందు తెరను చంటిబిడ్డవలె పొదివి పట్టుకొని ఇల్లాలును, ఆమె వెనుక సీపీయూను కడుపునకానించి, కీబోర్డును కంఠహారముగా ధరించి, చేసిన తప్పు బరువును కూడ మోయుచు భర్తయు, ఆ వెనుక ఇనుపగుండువంటి యూపీఎస్సును రొప్పుచు మోయుచు క్షురకవరేణ్యుడును, లిఫ్టను సౌఖ్యమెరుగని ఆ మెట్లపై అడుగులో అడుగు వేయుచుండగా, మొదటి అంతస్తు పిన్నిగారు తలుపు తెరచి, “అయ్యయ్యో, ఖాళీ చేసేస్తున్నారా? చెప్పనేలేదే!” అని నొచ్చుకొనెను. సేన ఆగక తరువాతి మెట్టెక్కెను.

మేడపై తడిబట్టల నడుమ, నీళ్ళట్యాంకు అరుగుపై కంప్యూటరు ప్రతిష్ఠింపబడెను. ఫోనుకు వైరు తగిలించిరి. ట్యాంకు మూలన చేయెత్తి పట్టుకొనిననే సిగ్నలు పలుకుచున్నందున ఆ భారము క్షురకవరేణ్యునిపై పడెను. యూపీఎస్సు యుద్ధభేరివలె కూయసాగెను.

“కదలకు బాబాయ్!”

“ఊపిరి కూడా పీల్చట్లేదమ్మా!”

పాస్‌వర్డు పడెను. చక్రము తిరిగెను. నడుమ ‘కొత్త వెర్షన్ వచ్చినది, వేసుకొందువా?’ అను మాయాసందేశమొకటి అడ్డుపడగా, ఆమె దానిని ‘తర్వాత’ అను ఒక్క వేటున కూల్చెను. కూత వడి పెరిగెను. భర్త కళ్ళు గట్టిగా మూసుకొనెను. అప్పుడు, ఆహా, అప్పుడు ద్వారములు తెరుచుకొనెను! ఆమె చకచక కత్తెర రెక్కలను విడదీసి, బొమ్మను భద్రపరచెను.

“లాగౌట్...” అని అలవాటున ముందుకు సాగిన భర్త హస్తమును ఆమె చూపు సగములోనే నిలిపెను. మరుక్షణమున యూపీఎస్సు ప్రాణములు విడిచెను.

సేన మరల పాతాళమునకు దిగెను. ఈసారి ప్రోగ్రాము ఎవరు నీవని అడుగలేదు. ముద్రణయంత్రము ఘోషించెను. బోర్డు కొత్త దుకాణపు గుమ్మముపైకెక్కెను.

క్షురకవరేణ్యుడు లోనికి పోక, రోడ్డుమీదనే తలయెత్తి నిలుచుండెను.

“వెళ్ళు బాబాయ్, షాపు నీదే.”

“ఉండమ్మా, కాసేపు చూడనీ. ఇన్నేళ్ళూ బోర్డు కింద నుంచి లోపలికి పోవడమే గానీ, ఎప్పుడూ తలెత్తి చూడలేదు.”

ఆమె కొంగుతో కళ్ళొత్తుకొనెను. తదనంతరము, సమస్తోపద్రవకారకుడగు ఆ భర్త కొత్త కుర్చీనెక్కి, అపరాధరుసుముగా తన శిరస్సును తొలి బేరముగా సమర్పించెను.

“ఎంత తియ్యమంటావమ్మా?” అని ఖడ్గపాణి ఇల్లాలిని అడిగెను.

“మొత్తం!”

“ఏయ్!” అను ఆర్తనాదమునకు వీధివీధంతయు నవ్వెను. కావున నాలుగు దిక్కులు వినునట్లు చాటుచున్నాము: ఆ దినమున, ఆ వీధిలో, ఒక కత్తెర రెండు వ్రేళ్ళ మేర తెరుచుకొనెను!