ఎక్స్‌రే అన్నయ్య ఉండగా డాక్టరెందుకు?

ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి పరిగెత్తుతున్నారా? ఎంత అమాయకులండీ మీరు! డాక్టరు ఏం చెబుతాడు? ఏ జబ్బో చెబుతాడు. మీరు ఏ పాపం చేస్తే అది వచ్చిందో రిపోర్టులో రాయగలడా? అందుకు స్నేహితులు కావాలి. అదీ, ప్రార్థన చేస్తామని ఇంటికొచ్చే స్నేహితులు!

నా అదృష్టమే చూడండి. మా ఆవిడకి గొంతులో గడ్డ తేలింది. ప్రార్థన మందిరంలో ఏళ్ల తరబడి పాట ఎత్తుకున్న గొంతు అది. ఆపరేషన్ చేసి, "నేను చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. మళ్లీ పాడగలరో లేదో అప్పుడు చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ 'చూద్దాం' విన్న దగ్గర్నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

ఇంటికి రాగానే మిత్రబృందం దిగింది. నాయకుడు ఎక్స్‌రే అన్నయ్య. ఆయనది మోటార్లకి వైండింగు చేసే షాపు. కాలిపోయిన మోటారు చూడగానే, వాడినవాడు చేసిన తప్పేమిటో చెప్పేస్తాడు. మనుషుల్నీ అలాగే విప్పి చూస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"చెల్లెమ్మా, దేవుడు ఊరికే చెయ్యి చేసుకోడు. గొంతు మీదే కొట్టాడంటే అది గొంతుతో చేసిన పాపమే. బాగా గుర్తు తెచ్చుకో."

మా ఆవిడ మాట్లాడలేదు. డాక్టరు వద్దన్నాడు కదా!

"చూశారా బావగారూ, నోరు మెదపట్లేదు! లోపల ఏదో ఉంది."

ఆవిడ కాదని తల ఊపింది. "ఒప్పుకోడానికి మనసు రావట్లేదు పాపం" అంది బృందంలోని టైలరక్క. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "అదిగో, పశ్చాత్తాపం!" అన్నాడు అన్నయ్య. అందరూ స్తోత్రం అన్నారు. చెప్పండి, ఏ ల్యాబులో ఇంత ఫాస్టుగా రిజల్టు ఇస్తారు?

లేఖనాల్లోనూ ఒక నీతిమంతుడికి ఇలాంటి స్నేహితులే ఉన్నారు. బిడ్డలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో ఆయన బూడిదలో కూర్చుంటే చూడ్డానికొచ్చారు. కానీ పాతకాలం వాళ్లు కదా, మరీ స్లో! వారం రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చుని, ఆ తర్వాతే 'నువ్వేదో చేసే ఉంటావు' అని మొదలెట్టారు. మా వాళ్లు చెప్పులు విప్పుతూనే మొదలెడతారు.

చివరికి దేవుడు ఆ స్నేహితుల మీదే కోప్పడ్డాడనీ, వాళ్ల కోసం ఆ బాధపడ్డ మనిషే ప్రార్థన చెయ్యాల్సి వచ్చిందనీ కూడా ఉందిట. మా ప్రార్థన కూటంలో ఆ భాగం దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ టీ వచ్చేస్తుంది.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ నా ఎదురుగా నిలబడి, వేలితో తనని తాను చూపించుకుని, రెండు చేతులూ తిప్పి అడిగింది. నేనేం చేశాను అని. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం లాభం? స్నేహితుల గొప్పతనం గురించి రాస్తూ మధ్యలో కోపం తెచ్చుకుంటే బాగుండదు.

ఇంతలో ఎక్స్‌రే అన్నయ్యకి కిడ్నీలో రాయి! ఆయనే కబురు పంపాడు, "శోధన వచ్చింది, ప్రార్థించండి" అని. శోధనంటే దేవుడు పెట్టే పరీక్ష లెండి. గమనించారా? మనకొస్తే శిక్ష, ఆయనకొస్తే శోధన!

నేను మహా హుషారుగా బయల్దేరాను. కిడ్నీతో చేసే పాపాలేమై ఉంటాయా అని దారి పొడుగునా ఆలోచించాను. ఏమీ తట్టక, మనసులో ఉన్న రాయే కిందికి జారిందని తేల్చుకున్నాను. మా ఆవిడా వెంట వచ్చింది. డాక్టరు ఆ పొద్దున్నే నాలుగు మాటలకి పర్మిషన్ ఇచ్చాడు. ఆవిడ ఇంకా ఒక్కటీ వాడలేదు.

అన్నయ్య మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. మమ్మల్ని చూడగానే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఏం అడుగుతామో ఆయనకి తెలియదా! నేను గొంతు సవరించుకున్నాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"బాగా నొప్పిగా ఉందా అన్నయ్యా?" అంది బొంగురు గొంతుతో.

అంత పెద్దమనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆవిడకి అనుభవం లేదు కదండీ, పాపం సంగతి ఎత్తకుండానే లేచి వచ్చేసింది. మా ఇంటికి అంతమంది వచ్చి అన్ని ప్రశ్నలు వేశారు. ఈ ఒక్కటీ ఎవరికీ తట్టలేదు.