బావ కాలేయం, బావమరిది నోరు

తెల్లవారుతూనే ఆమె భర్తకు సంచి సర్దసాగింది. రెండు జతల బట్టలు, దుప్పటి, తువ్వాలు.

"మధ్యాహ్నానికి తిరిగొచ్చేదానికి దుప్పటెందుకే?" అన్నాడాయన.

"మధ్యాహ్నానికి వస్తామని వెళ్ళినవాళ్ళందరూ వచ్చారా ఏంటి?" అందామె, ఇంకో చొక్కా కుక్కుతూ.

ఆయన బస్సు డ్రైవరు. ఊరంతా తిప్పినవాడు ఈమధ్య సొంత వీధి మలుపు మరిచిపోతున్నాడు. కాలేయం చెడి ఆ విషం మెదడుకెక్కినందువల్లే అయితే మందులున్నాయనీ, కాకపోతే తను చేయగలిగింది తక్కువేననీ డాక్టరమ్మ చెప్పింది. అది తేల్చడానికే ఈ కొత్తరకం ఎమ్మారై. కాలేయం ఎంత గట్టిపడిందో, మెదడులో ఏ రసాయనం పెరిగిందో కోత లేకుండానే చూపిస్తుందట.

తోడుగా ఆమె తమ్ముడు వచ్చాడు. ఆ ఇంట్లో బావను ఏమడిగినా జవాబు చెప్పేది బావమరిదే.

ఆస్పత్రిలో డ్రైవరు బాత్రూముకని వెళ్ళి, దారి మరిచి, ఎక్స్‌రే వరుసలో కూర్చున్నాడు. ఆమె సంచితో సహా వెతకబోయింది. సరిగ్గా అప్పుడే టెక్నీషియన్ తలుపు తీశాడు.

"కాలేయం, మెదడు, రెండూ ఎవరికండీ?"

"మాకేనండీ!" అన్నాడు తమ్ముడు.

"పొద్దుట్నించి ఏమైనా తిన్నారా?"

"ఎక్కడండీ! మా అక్క పొయ్యే వెలిగించలేదు."

"మతిమరుపు ఎలా ఉంది?"

"అబ్బో! మొన్న కట్టుకున్న ఇల్లాలినే 'ఎవరమ్మా నువ్వు' అని అడగడం!"

టెక్నీషియన్ జాలిగా చూసి గౌను అందించాడు. తోడు వచ్చినవాళ్ళూ వేసుకోవాలి కాబోలనుకుని తమ్ముడు వేసుకున్నాడు. పడుకోమనేసరికి ఉలిక్కిపడ్డాడు.

"జబ్బు నాకు కాదండీ, మా బావకి!"

"అవునవును. మరిచిపోయి అలాగే అంటారని డాక్టరమ్మ ముందే చెప్పారు. పడుకోండి."

కాలేయం గట్టిదనం కొలవడానికి అతని పక్కటెముకల మీద అదిరే బిళ్ళ కట్టారు. అది గడగడలాడింది. ఎంత అరిచినా, జబ్బు ముదిరిందనే అనుకున్నారు.

చాలాసేపటికి ఆమెకు భర్త దొరికాడు. పరీక్ష అయిపోయిందని ఆయనే అంటే నమ్మి, తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టేసరికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"కాలేయం నిండా కొవ్వేనమ్మా. మెదడులో మాత్రం ఆ విషం జాడ లేదు."

అంటే మందు లేదన్నమాట. ఆమె సంచిలోంచి దుప్పటి తీసి భర్త భుజాల మీద కప్పింది. అంతలో గౌను ఎగదోసుకుంటూ తమ్ముడు వచ్చాడు.

"నువ్వెందుకురా ఆ వేషంలో?"

"నన్నే బావననుకున్నారక్కా!"

"హమ్మయ్య! అయితే అది నీ కాలేయమా?"

"అంత సంతోషంగా అంటావేంటక్కా?"

అసలు మనిషిని అప్పుడు లోపలికి పంపారు. మతిమరుపు కాలేయం తెచ్చిపెట్టిందేనని తేలింది. మందులు మొదలయ్యాయి, పనిచేశాయి కూడా.

తమ్ముణ్ణి సోమవారం పొద్దున్నే ఆ కొవ్వు వైద్యానికి రమ్మన్నారు. ఆ సోమవారం అతను రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఎవరడిగినా, "జబ్బు నాకు కాదండీ, మా బావకి!" అనేవాడు.