హయాత్ బాషా ఇంగ్లీషు చెయ్యి

ఆ రోజు తెల్లవారేసరికి దుబాయిలోని డేరా పేట కనిపించకుండా పోయింది. క్రీక్ అనే ఉప్పునీటి పాయ లేదు, అవతలి ఒడ్డు లేదు, నైఫ్ వీధిలో ఎదురుగా ఉండాల్సిన సెల్‌ఫోన్ కొట్ల బోర్డులు లేవు. పొగమంచులోంచి అబ్రా పడవల ఇంజన్ల చప్పుడు మాత్రం నిద్రలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోంది. ఇలాంటి ఉదయాల్లో మనిషికి తానున్నది నెల్లూరో దుబాయో కాసేపు తేలదు. హయాత్ బాషాకి మాత్రం అలాంటి అనుమానాలేమీ లేవు. అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటూ, ఇంగ్లీషు దొరగారిని ఏ వాక్యంతో పలకరించాలా అని హాయిగా ఆలోచిస్తున్నాడు.

ఆయన నైఫ్‌లో ఒక పాత హోటల్లో, రిసెప్షన్ కౌంటర్ వెనక నిలబడి నిలబడి జుట్టు నెరిసిన మనిషి. కరోనా తర్వాత ఆ హోటల్‌ని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. కంపెనీ తరఫున కాల్డర్ అనే ఇంగ్లీషాయన ఇవాళ వచ్చి, కౌంటర్‌లో ఎవరుండాలో, రువైస్ గెస్ట్‌హౌస్‌కి ఎవరు పోవాలో తేలుస్తాడు. రువైస్ అంటే రిఫైనరీ ఊరు. అబుదాబీ దాటాక కూడా ఎడారిలో పోతూనే ఉండాలి. గెస్ట్‌హౌస్ ఉద్యోగికి కుటుంబాన్ని తెచ్చుకునే వీల్లేదు. కుబ్రా బేగం పక్కన లేకపోతే హయాత్ బాషాకి అన్నం సయించదు. ఈ సంగతి ఆమెకి ఎన్నడూ చెప్పలేదు గానీ, ఆమెకి బాగా తెలుసు.

అయినా ఆయన ధైర్యం ఆయనది. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. కొత్తగా ఈ దేశంలో దిగిన రోజుల్లో, గదిలో ఒక వీడియో ప్లేయరూ, ఎవరో వదిలేసిపోయిన ఒక క్యాసెట్టూ ఉండేవి. అది పాత బ్రిటిష్ టీవీ కామెడీ. రైల్లో భోజనాల పెట్టె, అందులో వడ్డించే సిరిల్ అనే స్టీవార్డు, రోజూ విసుక్కునే ప్రయాణికులు, అంతే కథ. సిరిల్ నడిస్తే నడుము ముందు వెళ్ళేది, మనిషి వెనకాల వచ్చేవాడు. నోరు తెరిస్తే కుడిచెయ్యి గాల్లోకి లేచి మణికట్టు దగ్గర మెత్తగా వాలిపోయేది. "ఓ... మై డియర్ సర్!" అని రాగం తీసేవాడు.

హయాత్ బాషా అప్పటికి దగ్గరగా చూసిన ఇంగ్లీషువాడు అతనొక్కడే. దొరలందరూ ఇలాగే ఉంటారు కాబోలు, అసలైన మర్యాద ఇదే కాబోలు అనుకుని మాటతోపాటు చెయ్యి కూడా నేర్చుకున్నాడు. నేర్చుకున్నది దాచుకునే మనిషి కాదు. ఇంటర్వ్యూలకి పోయే తెలుగు పిల్లలందరికీ శుక్రవారాలు కూర్చోబెట్టి నేర్పాడు. అందుకే డేరాలో చాలా కొట్లలో, కడపవాడైనా కరీంనగర్ వాడైనా, ధర చెప్పేటప్పుడు చెయ్యి అలా వాలుస్తాడు. టూరిస్టులు అది ఎడారి దేశపు ఆచారం అనుకుని ఫొటోలు తీసుకుంటారు.

"అబ్బా, ఆ చెయ్యి దించు," అంది అయేషా నాష్తా ముందు కూర్చుని. ఆయన కూతురు, షార్జాలో కాలేజీ చదువు, మీడియా కోర్సు.

"ఏందికి దించేది? ఇంగ్లీషు మాట్లాడబాకంటావా?"

"అది ఇంగ్లీషు కాదబ్బా, ఎగతాళి. నిన్న మా క్లాసులో ఆ పాత సీరియళ్ళ మీదే చర్చ. మగమనిషి ఆడంగిలాగా మెలికలు తిరగతా ఉంటే, చూసి నవ్వే హాస్యం అది. నీ సిరిల్‌ని చూసి అప్పట్లో దేశమంతా నవ్వినారంట."

హయాత్ బాషా చేతిలో పరోటా ముక్క ఆగిపోయింది. "సిరిల్ సాబ్‌ని చూసి నవ్వినారా? ఆయన చేసిన తప్పేంది?"

"తప్పు ఆయనది కాదు, నవ్వినోళ్ళది. అందుకే ఇప్పుడు ఆ సీరియల్ వేసే ముందు, ఇది కొందరికి బాధ కలిగించొచ్చు అని హెచ్చరిక వేస్తా ఉండారు. కొందరు మొత్తం తీసెయ్యమంటారు. ఇంకొందరేమో, అట్టాంటి మనిషి ఆ రోజుల్లో టీవీలో కనపడింది అక్కడొక్కచోటే, ఉండనీండి అంటారు. మా క్లాసే రెండు జట్లయింది."

"నువ్వు ఏ జట్టు?"

"నేను నీ జట్టు. అందుకే చెప్తా ఉండా. ఆ కాల్డర్ ముందర నువ్వు చెయ్యి తిప్పినావంటే, ఆయన జాతిని ఎగతాళి చేస్తా ఉండావనుకుంటాడు. ఖలాస్, సీదా రువైస్."

కుబ్రా బేగం టీ పోస్తూ, "పెళ్ళిచూపుల్లో మా నాయన ముందర కూడా ఆ చెయ్యే తిప్పినాడు. పిల్లనిచ్చినారు కదా, నవ్వలేదే," అంది. కానీ ఆమె మొహంలో కూడా రువైస్ కనిపించింది.

హయాత్ బాషా పొగమంచులో హోటల్‌కి నడిచాడు. అలవాటైన దారి అంతా కొత్తగా, మెత్తగా ఉంది. దారిపొడవునా చేతిని ప్యాంటు జేబులో బిగించి, "గుడ్ మార్నింగ్ సర్" అనడానికి ప్రయత్నించాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. జేబులోంచి చెయ్యి తీశాడు, వాక్యం మొత్తం వచ్చింది. మళ్ళీ పెట్టాడు, పోయింది. ఇన్నేళ్ళుగా తన ఇంగ్లీషు బుర్రలో ఉందనుకున్నాడు. అది మణికట్టులో ఉందని అప్పుడు తెలిసి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

హోటల్ గుమ్మంలో రాజమౌళి ఉన్నాడు. సామాను మోసే మనిషి, జగిత్యాల వైపు వాడు, శుక్రవారపు బడిలో మంచి విద్యార్థి. హయాత్ బాషా వాణ్ణి పక్కకి పిలిచి, "ఇయ్యాల ఎవురూ చెయ్యి తిప్పబాకండి," అన్నాడు.

"గదెట్ల బాషా భాయ్? చెయ్యి తిప్పకుంటె నాకు గుడ్ మార్నింగ్ గూడ రాదు."

"ఖాళీగా ఉంటేనే కదా తిరిగేది! రెండు చేతులతో ఏదన్నా పట్టుకో. పట్టుకున్నది కింద పెట్టబాక. టీ తెచ్చే పిల్లోడికీ చెప్పు, ఊడ్చేవాళ్ళకీ చెప్పు."

అలా చెప్పి తాను కౌంటర్ మీదున్న మనీప్లాంట్ కుండీని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నాడు. అదే సమయానికి పొగమంచు గుమ్మం దగ్గర కొంచెం కదిలి, అందులోంచి కాల్డర్ బయటికొచ్చాడు. పొడుగ్గా, తెల్ల జుట్టుతో, కుర్చీకి తగిలినా కుర్చీకే సారీ చెప్పేలా ఉన్నాడు.

కాల్డర్ చెయ్యి చాపాడు. హయాత్ బాషా కుండీ వెనకనుంచి తల ఊపాడు. కాల్డర్ గది తాళం అడిగాడు. హయాత్ బాషా నోరు తెరిచి, మూసి, ఆకుల మధ్యనుంచి దీనంగా నవ్వాడు. ఈలోగా రాజమౌళి ఆయన సూట్‌కేస్ అందుకున్నాడు. లోపల మందులున్నాయి, ఇక్కడ పెట్టమని కాల్డర్ అడిగాడు. రాజమౌళి తల అడ్డంగా ఊపాడు. కాల్డర్ మెల్లగా లాగాడు. రాజమౌళి అంతకన్నా మెల్లగా, అంతకన్నా గట్టిగా లాగాడు.

మేనేజర్ దక్షిణామూర్తి లిఫ్టులోంచి దిగేసరికి ఇదీ పరిస్థితి. కాకినాడ మనిషి, నిజం చెప్పడానికి కావలసినంత తీరిక ఏనాడూ దొరకనివాడు.

"వీళ్ళు ఏదీ కింద పెట్టరేమిటి?" అని అడిగాడు కాల్డర్.

దక్షిణామూర్తి చుట్టూ చూశాడు. చీపురు పట్టుకుని ఒకరు, ట్రే పట్టుకుని ఒకరు, కుండీతో బాషా. కిటికీ అవతల తెల్లటి శూన్యం. "పొగమంచు సర్," అన్నాడు. "మా తెలుగువాళ్ళ ఆచారం. మంచు పడిన రోజున చేతిలో ఉన్నది కింద పెట్టకూడదు. అది కరిగేదాకా అంతే."

అన్నాక తానే ఉలిక్కిపడ్డాడు. కాల్డర్ మాత్రం ఇతరుల ఆచారాలని గౌరవించడం గురించి కంపెనీ పెట్టే ట్రైనింగ్‌లన్నీ శ్రద్ధగా విన్న మనిషి. సూట్‌కేస్ వదిలేసి, క్షమాపణ చెప్పి, "నేను కూడా పాటించాలా?" అని అడిగాడు.

"పాటిస్తే సంతోషిస్తారు సర్," అన్నాడు దక్షిణామూర్తి. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

కాల్డర్ తన లాప్‌టాప్ బ్యాగుని గుండెకి హత్తుకున్నాడు. బట్టల మూటతో మెట్లు దిగిన సూడాన్ వ్యాపారికి ఆయనే స్వయంగా సంగతి వివరించాడు. వ్యాపారి మూట దించబోయి, మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. టీ తెచ్చిన పిల్లాడు ట్రేతో అలాగే నిలబడ్డాడు, టీ చల్లారిపోయింది. ఎవరికీ కూర్చోవాలనిపించలేదు. కిటికీల్లోంచి పాలలాంటి వెలుతురు లోపలికొచ్చి లాబీ అంతా పరుచుకుంది. అందులో వాళ్ళంతా ఎవరిది వాళ్ళు పట్టుకుని, ఎప్పటికీ రాని రైలు కోసం నిలబడినవాళ్ళలా ఉన్నారు. దూరంగా అబ్రాలు కూత పెడుతున్నాయి.

"ఎంత అందమైన ఆచారం," అన్నాడు కాల్డర్ గొంతు తగ్గించి. "దారి కనిపించనప్పుడు చేతిలో ఉన్నదాన్ని వదలకూడదు."

దక్షిణామూర్తికి కళ్ళు చెమర్చాయి. తన అబద్ధంలో ఇంత అర్థం ఉందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. హయాత్ బాషా కళ్ళు కూడా చెమర్చాయి. కుండీ చాలా బరువు.

చివరికి ఎదురుగా ఒక బోర్డు కనిపించింది, తర్వాత ఇంకొకటి, తర్వాత మొత్తం వీధి. ఎండ వచ్చి గచ్చు మీద పడింది. "యల్లా, ఇక పదండి!" అంటూ సూడాన్ వ్యాపారి మూట దించాడు. అందరూ దించారు. హయాత్ బాషా కూడా కుండీ కౌంటర్ మీద పెట్టాడు.

చాలాసేపు బరువు మోసిన చేతులు, దించగానే వాటంతటవే పైకి తేలతాయి. హయాత్ బాషా కుడిచెయ్యి మెల్లగా గాల్లోకి లేచింది. ఆయన ఆపబోయాడు, కుదరలేదు. మణికట్టు వాలింది. పొద్దుటినుంచీ గొంతులో ఇరుక్కున్న ఇంగ్లీషంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఓ... మై డియర్ సర్! ఎంత ప్రయాణం చేసి వచ్చారో! మీ గదిలో క్రీక్ కనబడుతుంది, టీ ఇప్పుడే వేడిగా వస్తుంది!" ఆయన వెనకే రాజమౌళి చెయ్యి లేచింది. "మై డియర్ సర్! యువర్ సూట్‌కేస్!" టీ పిల్లాడి చెయ్యి కూడా లేచింది.

కాల్డర్ మొహం పాలిపోయింది. "ఇది సిరిల్," అన్నాడు. "రైలు స్టీవార్డు. నన్ను వెక్కిరిస్తున్నారా?"

హయాత్ బాషాకి కాళ్ళ కింద రువైస్ ఇసుక తగిలింది. అయినా సిరిల్ పేరు ఒక ఇంగ్లీషువాడి నోట వినగానే ఆయనకి సంతోషం ఆగలేదు. "మీకు తెలుసా సర్? ఆయన నా ఉస్తాద్! వెక్కిరించడమేమిటి? ఊగే రైల్లో సూపు చుక్క కూడా ఒలకనిచ్చేవాడు కాదు. ఎవరు తిట్టినా మై డియర్ సర్ అనేవాడు. దొరంటే ఇలా ఉండాలని నేనూ నేర్చుకున్నాను, పిల్లలకీ నేర్పాను."

"ఆ టేపులో జనం నవ్వుతుంటారు. అది వినలేదా?"

"విన్నాను సర్. బాగా చూసుకుంటే ప్రయాణికులు సంతోషంగా నవ్వుతారు కదా. మన హోటల్లో కూడా అలా నవ్వాలని ఎంతో ప్రయత్నించాను. అది ఆయన్ని చూసి నవ్వడమని ఇవాళ పొద్దున మా అమ్మాయి చెప్పింది. అందుకే కుండీ పట్టుకున్నాను."

కాల్డర్ సోఫాలో కూర్చున్నాడు. "బడిలో నన్ను సిరిల్ అని పిలిచేవాళ్ళు," అన్నాడు. "నా చెయ్యి కూడా అలాగే వాలేది. ఇంట్లో ఆ సీరియల్ వస్తే మా నాన్న అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. నేను పక్కనే, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు అది చూసి నవ్వినందుకు అందరూ సిగ్గుపడుతున్నారు. అదీ మంచిదే. కానీ అతన్ని చూసి, ఇలా ఉండాలి అనుకున్నవాడు ఒక్కడుంటాడని నేను కలలో కూడా అనుకోలేదు."

హయాత్ బాషా వేడి టీ తెప్పించి తనే అందించాడు, చుక్క ఒలకకుండా. కాల్డర్ కప్పు అందుకుని, "థాంక్యూ, మై డియర్ సర్," అన్నాడు. ఆయన రెండో చెయ్యి, ఎన్నేళ్ళ తర్వాతో, మెల్లగా గాల్లోకి లేచి వాలింది. లాబీలో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత అందరూ నవ్వారు, హయాత్ బాషా ఇన్నాళ్ళూ కోరుకున్న నవ్వు అదే.

మర్నాడు మధ్యాహ్నం దక్షిణామూర్తి స్వయంగా ఇంటికొచ్చి కబురు చెప్పాడు. కౌంటర్ బాషాదే, శాశ్వతంగా. పైగా ఈ మర్యాదని కంపెనీ సిబ్బంది అందరికీ నేర్పాలని కాల్డర్ గారి ఆర్డరు. మొదటి శిక్షణ వచ్చే వారంనుంచి, చలికాలం అయిపోయేదాకా.

"ఎక్కడ?" అంది అయేషా.

దక్షిణామూర్తి నేల చూశాడు. "రువైస్ గెస్ట్‌హౌస్‌లోనండీ."

"ఓడినా రువైసే, గెలిచినా రువైసేనా?" అంది కుబ్రా బేగం. అంటున్నప్పుడు ఆమె చెయ్యి గాల్లోకి లేచి, మణికట్టు దగ్గర మెత్తగా వాలింది. హయాత్ బాషా ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి ఆమెకి తాను నేర్పలేదు, పక్కనుండి చూసే నేర్చుకుంది. పెట్టె సర్దమని ఆమెకి చెప్పడానికి ఆయనకి ఏ భాషా రాలేదు.

పొగమంచు పడిన రోజున తెలుగు ఉద్యోగుల చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టమని అడగరాదని, అసలు సంగతి తెలిసినా కాల్డర్ సంతకం పెట్టిన సర్క్యులర్ రువైస్ గెస్ట్‌హౌస్ గోడ మీద ఇప్పటికీ ఉంది.