బిళ్ల కోసం తలనొప్పి

తలనొప్పికి బిళ్ల వేసుకోవడం అమాయకుల పని. తెలివైనవాడు బిళ్ల కోసం తలనొప్పి తెచ్చుకుంటాడు! నమ్మకపోతే మందస అవతల ఉద్దానంలో కొబ్బరితోట చేసుకునే లోకనాథాన్ని చూడండి. నాలుగేళ్లలో ఆయన సాధించిన ప్రగతికి మీరే చప్పట్లు కొడతారు.

మొదట్లో ఆయనకి జీడిపిక్కలు ఏరే ఎండాకాలంలోనే తలనొప్పి వచ్చేది. ఊళ్లో పైడిరాజు కిరాణా కొట్లో ఒక బిళ్ల కొనుక్కుని మింగేవాడు, పోయేది. ఎంత వెనకబడిన జీవితం! తర్వాత వారానికి రెండు, ఆపైన రోజుకొకటి, చివరికి పూటకొకటి. పొద్దున్న ఈయన కళ్లు తెరిచేసరికి తలనొప్పి అప్పటికే లేచి కూర్చుని ఉండేది. పళ్లు తోముకోవడం కూడా బిళ్ల పడ్డాకే.

మిగతా మందులున్నాయే, రోగం తగ్గగానే మొహం చాటేస్తాయి. విశ్వాసం లేని జాతి! ఈ బిళ్ల అలా కాదు. తను తగ్గించిన నొప్పిని తనే మళ్లీ పుట్టిస్తుంది, దాన్ని తగ్గించడానికి మళ్లీ తనే వస్తుంది. విత్తనం తనదే, పంటా తనదే. ఇంతటి స్వయంసమృద్ధి ఏ పథకంలో చూశారు?

ఇందులో పైడిరాజు సేవని మరిచిపోతే కళ్లు పోతాయి. షాంపూ పేకెట్ల పక్కనే బిళ్లల అట్టలు వేలాడదీసి, కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. డాక్టరు చీటీ అడగడు. ఎన్నాళ్లనించి వాడుతున్నావని అడగడు. "సింగిలా, సెట్టా మావా?" అని మాత్రం మర్యాదగా అడుగుతాడు. సెట్టంటే మూడు రంగుల మూడు బిళ్లలు కాగితంలో చుట్టి ఇవ్వడం. ఏది దేనికో పైడిరాజుకీ తెలీదు. తెలుసుకుని ఏం చేస్తాడు, పాపం, బేరం పాడుచేసుకుంటాడా?

అలాగని లోకనాథానికి ఒంటి మీద శ్రద్ధ లేదనుకునేరు! ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోయే ఉద్దానంలో పుట్టినవాడికి కిడ్నీ అంటే ఎంత భయమో వేరే చెప్పాలా? పైగా ఆయన ఎడమ కిడ్నీ ఆయనది కాదు, చెల్లెలు కుసుమది. కుసుమకి రెండూ పాడైపోయి, అన్నయ్య ఇంట్లోనే ఉంటూ వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటోంది. మొగుడి రక్తం కలవలేదు, అన్నయ్యది కలిసింది. "ఎడందీ నీకు, కుడిదీ నాకు. నాను సూసుకుంతాను గదే!" అని మాటిచ్చాడు. పసుపుకుంకాల కింద చెల్లికి రాసిచ్చిన భూమిని కాపాడినట్టు, ఆనాటినుంచీ దాన్ని కాపాడుతూ వచ్చాడు.

ఎలా కాపాడాడంటారా? నీళ్లతో! జబ్బంతా బోరు నీళ్లలోనే ఉందని ఊరంతా అంటారు కాబట్టి బోరు నీళ్లు ముట్టడు, కొనుక్కున్న టిన్ను నీళ్లే తాగుతాడు. పెళ్లికెళ్తే చంకలో సీసా ఉండాల్సిందే. వియ్యంకుడిచ్చిన గ్లాసుని తిప్పి పంపి, హరిశ్చంద్రపురంలో నలుగురి ముందూ మాట పడ్డాడు. ఆఖరికి సొంత తోటలో బొండం కూడా మానేశాడు. "ఆ సెట్టు తాగేదీ ఆ నీల్లే గదా!" అంటాడు. ఇంత నిష్ఠగా తెచ్చుకున్న స్వచ్ఛమైన నీళ్లతో పూటకో బిళ్ల మింగేవాడు. టిన్ను కూడా పైడిరాజు కొట్లోదే లెండి!

చివరికి కిడ్నీ మార్పిడి కాగితాలు కదిలాయి, విశాఖలో పరీక్షలకి పిలిచారు. డాక్టరు మాధవీలత రిపోర్టులు చూసి, మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది.

"మందులేటీ లేవమ్మా. బీపీ లేదు, సుగర్ లేదు."

"తలకి తువ్వాలు బిగించారేం?"

"తలనొప్పమ్మా. బిల్లేసుకుంతాను."

"రోజుకెన్ని?"

"మూడు... నాలుగు, నాలుగేల్లనించీ. అదీ మందేటమ్మా?"

ఆవిడ కలం కింద పెట్టింది. "నెలలో సగం రోజులు వేసుకుంటే ఆ బిళ్లే తలనొప్పి తెస్తుందండీ. నాలుగేళ్లుగా మీకున్నది అదే. కిడ్నీలు కూడా దెబ్బతినడం మొదలైంది. ఇప్పుడు మానేస్తే మీవి మీకు మిగులుతాయి. మీ చెల్లెలికి మాత్రం ఇవ్వలేరు."

"నాను బోరు నీల్లు సుక్క ముట్టలేదు తల్లీ!"

"నీళ్ల సంగతి నేనడగలేదు."

ఆవిడ అడగకపోతే ఏం, ఊళ్లో అందరూ అడిగారు! నీళ్లు మరగబెట్టమని గోడగోడకీ రాశారు. ఎన్ని వైద్య శిబిరాలు పెట్టారో, ఎన్ని సీసాల రక్తం తీశారో! వాళ్ల ఫారంలో మందులు వాడుతున్నారా అన్న గడి దగ్గర లోకనాథం ప్రతిసారీ నిజాయితీగా "లేదు" అన్నాడు, రాసుకునేవాళ్లు అంతకన్నా నిజాయితీగా "లేదు" అని రాసుకున్నారు. పక్కనే పైడిరాజు కత్తెర కిచకిచలాడుతుంటే ఒక్కరి చెవికీ వినబడలేదు. ఛీ, మన బతుకులు!

కుసుమతో మాత్రం "కుదరదన్నారే" అని ఊరుకున్నాడు. బిళ్ల సంగతి ఎత్తలేదు.

బిళ్ల అంత తేలిగ్గా వదులుతుందా? మానేసిన మొదటి వారం వాంతులు చేసుకున్నాడు, తల గోడకేసి బాదుకున్నాడు. "ఒక్క సెట్టేసుకో మావా, ఎందుకీ బాద?" అని పైడిరాజు ఇంటికే పట్టుకొచ్చాడు, జాలిగుండె! లోకనాథం పొట్లాన్ని పెరట్లోకి విసిరికొట్టాడు. పదకొండోరోజు పొద్దున్న లేచి కూర్చుంటే తల తేలిగ్గా ఉంది. భయపడి తడిమి చూసుకున్నాడు కూడా. నొప్పి లేదు.

ఆ మధ్యాహ్నం పలాస నుంచి వచ్చి, మంచం మీద వాలిన కుసుమ అన్నయ్య వైపు చూసింది.

"ఏటన్నియ్యా, తువ్వాలు కట్నేదు?"

"నొప్పి పోనాదే."

నీరసంలోనూ ఆమె మొహం వెలిగింది. "పోన్లే, నీకైనా తగ్గింది! ఏ మందుకి తగ్గిందన్నియ్యా?"

"బిల్ల మానేత్తే తగ్గింది."

"అంతేనా?"

"అంతే," అని లోకనాథం మొహం తిప్పుకున్నాడు. ఆ మాటే నాలుగేళ్ల కిందట ఊళ్లో ఎవరైనా ఆయనకి చెప్పి ఉంటే, ఆ ఎడమ కిడ్నీ ఈపాటికి కుసుమ ఒంట్లో ఉండేది.