ముద్దాయి కుర్చీ

ఆ శనివారం ఉదయం హోర్టెన్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కాలి, తమ్ముడు కట్టిన ఊరిని ఒక్కసారి చూడాలి, ఎవరి కంటా పడకుండా సాయంత్రానికి తన ఊరు నామూర్‌కు తిరిగి వచ్చి సూపు వేడి చేసుకోవాలి. ఇందుకోసం ఆమె నల్ల కళ్ళద్దాలు, చనిపోయిన భర్త తాలూకు వాన టోపీ, జున్ను పెట్టిన రొట్టెలు సిద్ధం చేసుకుంది. తోడుగా పక్కింటి గిస్లేన్‌ను తీసుకుంది. పథకంలో లోపం అదొక్కటే.

తమ్ముడి పేరు ఫిర్మిన్. తండ్రిలాగే ఇళ్ళ కప్పులకు రాతిపలకలు పరిచేవాడు. నలభై దాటాక ఒక వసంతంలో, తండ్రి వదిలి వెళ్ళిన పచ్చికలో కోట కట్టడం మొదలుపెట్టాడు. కోట తర్వాత చిన్న చర్చి, రొట్టెల పొయ్యి, వంతెన, వరసగా ఇళ్ళు. అన్నీ ఆరువందల ఏళ్ళనాటి వాటిలా ఉంటాయి, అన్నీ తన రెండు చేతులతో కట్టినవే. ఇప్పుడు వాటిని చూడటానికి బస్సుల్లో జనం వస్తున్నారు. టూర్ల వాళ్ళు ఆ చోటికి ఫిర్మిన్‌విల్ అని పేరు కూడా పెట్టారు. హోర్టెన్స్ మాత్రం పునాదులు తవ్విన రోజున వెళ్ళి, బురదలో నిలబడి ఒక మాట అని వచ్చేసింది. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి.

పోయిన చలికాలంలో ఫిర్మిన్ భార్య నెల్లీ చనిపోయిందని ఆమె పేపర్లో చూసింది. నల్లగౌను ఇస్త్రీ చేసుకుని, తమ్ముడు ఫోన్ చేస్తాడని ఎదురుచూసింది. ఫోన్ మోగలేదు. గౌను మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. అప్పటినుంచి ఆ బీరువా తలుపు తీయాలంటేనే ఆమెకు మనసొప్పడం లేదు.

"ఎవరైనా పేరడిగితే ఏం చెప్తావు?" అంది గిస్లేన్, బస్సు మెట్ల దగ్గర.

"ఏమీ చెప్పను. ఎవరితోనూ మాట్లాడను."

"అలా బిగుసుకుని కూర్చుంటే ఇంకా అనుమానమొస్తుంది. నాకొదిలెయ్, నేను చూసుకుంటా."

చూసుకుంది. గైడు బెనెదిక్త్‌ను పక్కకు పిలిచి, "ఈవిడ మా పిన్ని కూతురు, మదాం కొలార్. పాపం బొత్తిగా చెవుడు. పలకరిస్తే కంగారుపడుతుంది, వదిలెయ్యండి," అని చెప్పింది.

చెవిటివాళ్ళను వదిలేసే రకం కాదు బెనెదిక్త్. వాళ్ళ అమ్మమ్మకూ చెవుడే. మదాం కొలార్‌ను లేపి మొదటి సీట్లో కూర్చోబెట్టి, దారి పొడుగునా ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది. ఒకసారి మైకులో అందరికీ, ఒకసారి ఆమె చెవిలో అరిచి. "మదాం కొలార్, అదిగో నది. మదాం కొలార్, అవి ఆవులు." బస్సు అడవి దారి పట్టేసరికి ఆమెను ఎరగనివాళ్ళు బస్సులో లేరు. వెనక సీటు పెద్దాయన ఒకడు తన చెవి మిషన్ కాసేపు పెట్టుకోమని తీసి ఇవ్వబోయాడు కూడా.

ఊరి గేటు దగ్గర తలారి వేషంలో ముసుగు వేసుకున్న మనిషి ఒకడు నిలబడి వచ్చినవాళ్ళకు పాతకాలపు శాలువాలు, కుచ్చుటోపీలు పంచుతున్నాడు. "కళ్ళద్దాలు తీసెయ్యాలి మదాం కొలార్," అని అరిచింది బెనెదిక్త్. "ఆ రోజుల్లో నల్లద్దాలు లేవు." అద్దాలు పోయాయి. భర్త టోపీ తలారి చేతికి వెళ్ళింది. అతను దానిని అటూ ఇటూ తిప్పి చూసి, నలగకుండా పక్కన పెట్టాడు.

"మీ ఊరి మేస్త్రీ కనిపిస్తాడా?" అని గిస్లేన్ అడిగింది.

"ఫిర్మిన్ గారా? జనం ముందుకు రారండీ, సిగ్గు," అంది బెనెదిక్త్. హోర్టెన్స్ గుండె కాస్త కుదుటపడింది.

ఆమె నవ్వుకుందామని వచ్చింది. కనీసం నవ్వు వస్తుందని అనుకుంది. గోడలు వంకర, కిటికీలు వంకర, చర్చి గంట స్తంభం తాగినవాడిలా పక్కకు ఒరిగి ఉంది. కానీ పైకప్పులు వంకర లేవు. పలక మీద పలక, తండ్రి పరిచినట్టే పరిచి ఉన్నాయి. చివరి వరసను కొంచెం పైకి ఎత్తి వదలడం ఆయన అలవాటు. అదీ ఉంది. ఆమె తల పైకెత్తి ఆ వరసనే చూస్తూ ఆగిపోయింది. ఇక అందరి మధ్య నడవలేకపోయింది.

"మోకాలు నొప్పి," అంది గైడుతో. "నేనెక్కడైనా కూర్చుంటాను. మీరు తిరిగి రండి."

"కుర్చీ కావాలా మదాం కొలార్? రండి రండి, మంచి కుర్చీ ఉంది."

నాలుగిళ్ళ మధ్య చదునులో చెక్కలతో కట్టిన అరుగు, దాని మీద ఒక కుర్చీ. హోర్టెన్స్ ఎక్కి కూర్చుని హమ్మయ్య అనుకుంది. విచిత్రంగా, జనం ఊరు చూడటానికి వెళ్ళకుండా అరుగు చుట్టూ మూగారు. తలారి వచ్చి స్పాంజి ముక్కలు తేలుతున్న కొయ్య బాల్చీ ఒకటి ఆమె పక్కన దించాడు. గంట మోగింది. బెనెదిక్త్ తెల్ల విగ్గు పెట్టుకుని వచ్చింది.

"ముద్దాయి తనంతట తానే కుర్చీ ఎక్కింది. మా కోర్టులో ఇలాంటిది ఇదే మొదటిసారి."

జనం చప్పట్లు కొట్టారు. హోర్టెన్స్ లేవబోయింది. తలారి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టాడు.

"ఈ ఊరు కట్టిన మేస్త్రీకి ఒక అక్క ఉంది," అని మొదలుపెట్టింది జడ్జి. "పునాదుల రోజున వచ్చి, 'ఒరేయ్, ఇది మొదటి వానకే కూలిపోతుందిరా' అంది. వానలు చాలా కురిశాయి. ఊరు కూలలేదు. అక్క మళ్ళీ రాలేదు. నేరం ఒప్పుకుంటే తడి స్పాంజీలతో నీటి దెబ్బలు, ఒప్పుకోకపోతే ఇంకా ఎక్కువ నీటి దెబ్బలు. ఆ అక్క పాత్ర ఈరోజు మదాం కొలార్‌ది."

హోర్టెన్స్ బాల్చీ వైపు చూసింది. అంటే ప్రతి శనివారం, బస్సు దిగిన ప్రతివాడూ తనను ఇలా తడుపుతున్నాడన్నమాట. అంతకంటే ఘోరం, ఆ మాట తనది కాదు.

"వాన సంగతి ఆమె అననే లేదు," అంది.

"వినిపిస్తోందే ఈవిడకి," అన్నాడు చెవి మిషన్ పెద్దాయన.

"నటనండీ, నటన," అంది బెనెదిక్త్ మురిసిపోతూ. "కానివ్వండి మదాం, బాగుంది."

స్నేహితురాలు ఇబ్బందిలో ఉంటే గిస్లేన్ ఊరుకోలేదు. జనంలోంచి చెయ్యెత్తింది. "నేను సాక్ష్యం చెప్తానండీ. ఆ అక్క నాకు బాగా తెలుసు. మనసు వెన్న. నోరే కాస్త దురుసు. మరదలు పోయినప్పుడు వెళ్ళలేదంటే వెళ్ళలేదు గానీ, నల్లగౌను మాత్రం ఇస్త్రీ చేసుకుంది."

"మరదలి చావుకీ వెళ్ళలేదా?" అంది ముందు వరసలో ఒకావిడ. అప్పటిదాకా సరదాగా ఉన్న జనం స్పాంజీలు అందుకున్నారు.

"వాడు ఫోన్ చెయ్యలేదు," అంది హోర్టెన్స్.

"చావుకి పేరంటం పిలుస్తారామ్మా ఎవరైనా?"

"అది కాదు," అని హోర్టెన్స్ లేచి నిలబడింది. "అసలు మీకు తెలిసింది తప్పు. వాన సంగతైతే ఆ మరుసటి ఏడే వచ్చి, పొరపాటైందిరా అనేదాన్ని. నేనన్నది వేరు. నాన్న బతికుంటే నిన్ను చూసి సిగ్గుతో చచ్చేవాడు అన్నాను. మా నాన్న పచ్చికలో, వాడి చేతుల మట్టి ఆరకముందే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలియలేదు."

ఎవరూ నవ్వలేదు. స్పాంజీల నీళ్ళు అందరి బూట్ల మీద కారుతున్నాయి.

"వాన మాటే బాగుందక్కా," అన్నాడు తలారి ముసుగులోంచి. "నువ్వు చెప్పిన దానికి జనం నవ్వరు."

ముసుగు తీశాడు. జుట్టంతా నెరిసిపోయింది. హోర్టెన్స్ మళ్ళీ కూలబడింది.

"ఎప్పుడు గుర్తుపట్టావురా?"

"గేటు దగ్గరే. బావ టోపీ కదా అది."

"గుర్తుపట్టి కూడా నన్నీ కుర్చీలో కూర్చోనిచ్చావా?"

"నువ్వే కుర్చీ అడిగావట," అన్నాడు ఫిర్మిన్. అరుగు అంచున కూర్చున్నాడు. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఆ చేతులు ఇక రాయి ఎత్తవని ఆమెకు చూడగానే అర్థమైంది. "ఆ వాన మాట నెల్లీ రాసింది. ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీలో తనే కూర్చునేది. నీలా మూతి తిప్పేది, నీలా నడుం మీద చెయ్యి పెట్టేది. జనం పడి పడి నవ్వేవాళ్ళు. హోర్టెన్స్ ఎప్పుడైనా వస్తే అప్పటికి అందరూ నవ్వేసి ఉంటారు, తనకు కష్టంగా ఉండదు అనేది."

హోర్టెన్స్ తను కూర్చున్న కుర్చీని చేత్తో తడిమింది. తనను అంత బాగా అనుకరించిన మనిషితో ఆమె బతుకంతా కలిపి పట్టుమని పది మాటలు ఆడలేదు.

"తనను సాగనంపిన రోజు చర్చి తలుపు మూయనివ్వలేదు నేను," అన్నాడు ఫిర్మిన్. "నువ్వొస్తావని."

"ఫోన్ చెయ్యొచ్చుగా."

"రావొచ్చుగా."

బెనెదిక్త్ విగ్గు తీసి చేత్తో పట్టుకుని, "తీర్పు... రద్దు చేద్దామా?" అంది నెమ్మదిగా. జనం తలలూపారు. ముందు వరస ఆవిడ స్పాంజిని చప్పుడు కాకుండా బాల్చీలో వేసేసింది. "నిర్దోషి," అన్నాడు చెవి మిషన్ పెద్దాయన, కొంచెం గట్టిగానే.

"ఎలా అవుతాను?" అంది హోర్టెన్స్. "టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. కానివ్వండి."

ఎవరికీ చెయ్యి రాలేదు, గిస్లేన్‌కు తప్ప. ఆమె విసిరిన మొదటి స్పాంజి సరిగ్గా ముఖానికి తగిలింది. ఆ తర్వాత అందరూ విసిరారు. నీళ్ళు ఎక్కడ ఆగాయో, కన్నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో ఎవరికీ తెలియలేదు. అందుకు ఆమె గిస్లేన్‌ను లోలోపల మెచ్చుకుంది.

బస్సు ఆమె లేకుండానే వెళ్ళింది. రొట్టెల పొయ్యి పక్కన తమ్ముడి కోటు కప్పుకుని కూర్చుని, తను తెచ్చిన జున్ను రొట్టెలు తమ్ముడికి సగం పెట్టింది. చీకటిపడే వరకు అతను ఆమెకు నెల్లీ కబుర్లు చెప్పాడు. ఎన్ని చెప్పినా అవి కబుర్లే, మనిషి కాదు.

ఇప్పుడు ప్రతి శనివారం ముద్దాయి కుర్చీలో హోర్టెన్సే కూర్చుంటోంది. అడిగి తీసుకున్న ఉద్యోగం. నెల్లీ రాసిన మాటనే చెబుతుంది, నెల్లీలా మూతి తిప్పడం మాత్రం ఇంకా సరిగ్గా రావడం లేదంటాడు ఫిర్మిన్. స్పాంజీలు ముంచే నీళ్ళు కాస్త గోరువెచ్చగా ఉండాలని ఆమె పెట్టుకున్న విన్నపాన్ని కోర్టు ఇంతవరకు మన్నించలేదు.